ప్రొటీన్ సంగతి తర్వాత, ముందు మీ అరికాళ్ళ సంగతి చూద్దాం

ప్రశ్న: నా వయసు 54. ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపూర్‌లో కిరాణా కొట్టు నడుపుతున్నాను. షుగర్ వచ్చి 9 ఏళ్ళు, బీపీ వచ్చి 4 ఏళ్ళు. మెట్‌ఫార్మిన్ 1000 రెండు పూటలా, గ్లిమిపిరైడ్ 2 ఉదయం, బీపీకి టెల్మిసార్టాన్ 40 వాడుతున్నాను. మా నాన్నగారు 58వ ఏట గుండెపోటుతో పోయారు. ఆ భయంతోనే కిందటి కార్తీకంలో మాంసం, చేప, గుడ్డు మానేశాను. తర్వాత ఫోన్‌లో వీడియోలు చూసి పాలు, పెరుగు కూడా మానేశాను. 74 కిలోలుండేవాడిని, ఇప్పుడు 68. ఒళ్ళు తేలిగ్గా ఉంది. పొద్దున్న నడక, ఒక గ్లాసు చోడంబలి (రాగి అంబలి), ఒక పండు. మధ్యాహ్నం అన్నం, దాల్మా (కూరగాయ ముక్కలు వేసి వండే పప్పు), ఆకుకూర. రాత్రి రెండు రొట్టెలు. 11 గంటలప్పుడు కొట్లో అప్పుడప్పుడూ చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయి. బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే సర్దుకుంటోంది. మందు ఎక్కువైందేమోనని రాత్రి వేసుకునే పెద్ద బిళ్ళ మానేశాను. ఏడాదిగా అరికాళ్ళలో తిమ్మిర్లు ఉన్నాయి. మందుల షాపులో ఇచ్చిన నరాల క్యాప్సూల్‌తో కొంచెం తగ్గాయి. ప్రొటీన్ కోసం ఏ పౌడర్ మంచిది? సోయా మగవాళ్ళకి మంచిది కాదంటారు, నిజమా? ఇంట్లో అందరం ఇదే పద్ధతి. కోడలికి అయిదో నెల, తనూ ఇలాగే తినవచ్చా?

జవాబు: మీరు పౌడర్ గురించి అడిగారు. నన్ను కంగారు పెట్టినవి వేరే మూడు: 11 గంటల వణుకు, అరికాళ్ళ తిమ్మిరి, చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన మీ కోడలి సంగతి. వాటి తర్వాతే ప్రొటీన్.

ముందుగా ఆ వణుకు. చెమట, చేతుల వణుకు, తీపి తింటే తగ్గడం చూస్తే షుగర్ పడిపోతున్నట్టే ఉంది. మీరు మానేసింది పెద్ద బిళ్ళ, అంటే మెట్‌ఫార్మిన్. అది ఒక్కటే వాడితే షుగర్ పడిపోవడం చాలా అరుదు. పడేసేది ఆ చిన్న బిళ్ళ, గ్లిమిపిరైడ్. మీరు తిన్నా తినకపోయినా అది ఇన్సులిన్‌ని బయటికి నెడుతూనే ఉంటుంది. 74 కిలోల మనిషికి, పొద్దున్నే ఇడ్లీనో ఉప్మానో కడుపునిండా తినే మనిషికి రాసిన మోతాదు అది. ఇప్పుడు మీరు ఆరు కిలోలు తగ్గారు, నడుస్తున్నారు, పొద్దున్న ఒక గ్లాసు అంబలితో సరిపెడుతున్నారు. ఒక రకంగా ఇది మీ కొత్త తిండి పనిచేస్తోందనడానికి గుర్తు. శరీరం మారింది, మందు మారలేదు. బిళ్ళ పెద్దది కాబట్టి పవర్ ఎక్కువ అనుకుని ఉంటారు. చాలామంది అలాగే అనుకుంటారు, అందుకే ఏది మానాలో, ఏది తగ్గించాలో మీ అంతట మీరు తేల్చుకోవద్దు. మీకు మందు రాసిన డాక్టర్ దగ్గరికి రేపో ఎల్లుండో వెళ్ళండి, అంతకంటే ఆలస్యం చేయకండి. కుదరకపోతే ఈరోజే ఫోన్ చేసి గ్లిమిపిరైడ్ గురించి అడగండి. ఈలోగా ఆ బిళ్ళ వేసుకుని పొద్దున్న తిండి తగ్గించడం మాత్రం చేయకండి. వణుకు వస్తే, చేతిలో గ్లూకోమీటర్ ఉంటే చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూసి, ఆ వెంటనే ఏదైనా తినండి. మీటర్ లేకపోయినా తాగేయండి. స్కూటర్ మీద ఉంటే పక్కన ఆపండి. కొట్లో మీతో ఉండే కుర్రాడికి కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి. మత్తుగా ఉన్నా, మింగలేకపోతున్నా నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

ఇక తిమ్మిర్లు. ఏడాదిగా ఉన్నాయన్నారు. అంటే మాంసం మానకముందు నుంచే ఉన్నాయి. కాబట్టి దీనికి మీ శాకాహారాన్ని తప్పుపట్టను. తొమ్మిదేళ్ళ షుగర్ వల్లే నరాలు దెబ్బతిని ఉండవచ్చు. విటమిన్ బి12 తగ్గిపోయి ఉండవచ్చు. రెండూ కలిసి ఉండటం మా దగ్గర రోజూ చూసేదే. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో కొందరికి పేగు బి12ని సరిగ్గా పీల్చుకోదు. 2022లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ కూడా, ఈ మందు వాడేవాళ్ళలో లోపం లక్షణాలుంటే బి12 పరీక్ష చేయమని డాక్టర్లకు చెప్పింది. బి12 ఉండేది మాంసం, చేప, గుడ్డు, పాలల్లో. మొక్కల్లో నమ్ముకోదగినంత లేదు. రోజుకి మనకు కావాల్సింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకే, లివర్‌లో ఏళ్ళకి సరిపడా నిల్వ ఉంటుంది. అందుకే అన్నీ మానేసిన ఆరోగ్యవంతుడికి అయిదారు నెలల్లో ఏమీ తెలియదు, రెండు మూడేళ్ళు గడిచాక తెలుస్తుంది. మీ సంగతి అలా కాదు. గాదె కింద మెట్‌ఫార్మిన్ అనే పందికొక్కు ఏళ్ళుగా తవ్వుతోంది, ఇప్పుడు మీరు పైనుంచి గింజలు పోయడం కూడా ఆపేశారు.

పంచుకలో, అంటే కార్తీకం చివరి అయిదు రోజుల్లో, కొంగ కూడా చేపని ముట్టదంటారు మా ఒడియా పేషెంట్లు. కార్తీకం నెల నీచు మానితే ఏ విటమిన్ బిళ్ళా అక్కర్లేదు. జీవితాంతం మానదలచుకుంటే బి12 బయటినుంచి తీసుకోవాల్సిందే. ఇందులో నమ్మకాలకి చోటు లేదు. చద్దన్నంలో, తరవాణిలో, పఖాళలో (ఒడియావాళ్ళు నీళ్ళు పోసి పులియబెట్టే అన్నం) బి12 పుడుతుందని చెప్పే వీడియోలు నా దగ్గరికి కూడా పంపుతున్నారు. పఖాళ చల్లగా ఉంటుంది, వేసవిలో హాయి, తినండి. కానీ దాన్ని నమ్ముకుని బి12 మానకండి. స్పిరులినా అని అమ్మే నాచు పొడి సంగతీ అంతే.

ఆ నరాల క్యాప్సూల్ దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఓపీలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. కిందటేడు పర్లాకిమిడి వైపు నుంచి ఒక మాస్టారు వచ్చారు. నా గదిలోకి వచ్చి కూర్చున్నాక చూస్తే ఒక కాలికే చెప్పుంది. రెండోది వరండాలో జారిపోయింది, ఆయనకి తెలియలేదు. శ్రుతిదండం మోగించి బొటనవేలి ఎముక మీద పెట్టి, "జుమ్మంటోందా మాస్టారూ?" అని అడిగాను. "చల్లగా తగిలిందండి" అన్నారు. చల్లదనం తెలుస్తోంది, కంపనం తెలియడం లేదు. కళ్ళు మూసుకుని నిలబడమంటే తూలిపోయారు. బి12 తగ్గినప్పుడు వెన్నుపాములో సరిగ్గా ఆ కంపనాన్ని, కాలు ఎక్కడుందో చెప్పే కబురుని మోసే తీగలే ముందు దెబ్బతింటాయి. ఆయన రెండేళ్ళుగా షాపులో కొన్న నరాల క్యాప్సూల్ వేసుకుంటున్నారు. తిమ్మిరి తగ్గింది కాబట్టి జబ్బు తగ్గిందనుకున్నారు. వైద్యం మొదలుపెట్టాక చాలా మెరుగయ్యారు, కానీ చీకట్లో ఇప్పటికీ గోడ పట్టుకునే నడుస్తున్నారు. ఆ రెండేళ్ళు ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఈ క్యాప్సూళ్ళలో చాలావాటిలో ప్రెగాబాలిన్ ఉంటుంది. అది నొప్పిని, తిమ్మిరిని కప్పేస్తుంది. మత్తు, తూలుడు కూడా తెస్తుంది. షుగర్ పడిపోయే మనిషికి అది ఇంకా ప్రమాదం. కొన్నిట్లో బి6 ఎక్కువ మోతాదులో ఉంటుంది, చాలాకాలం వాడితే బి6 వల్లే నరాలు పాడవుతాయి. కొన్నిట్లో ఫోలిక్ యాసిడ్ కలుపుతారు. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1940లలో తయారుచేసి చూపిన విటమిన్ అది, ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో. కానీ బి12 లోపమున్న మనిషికి అది ఒక్కటే ఎక్కువగా ఇస్తే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, లోపల నరాలు పాడవుతూనే ఉంటాయి. మీ క్యాప్సూల్‌లో ఏముందో మీరు రాయలేదు. బహుశా మీకు తెలియదు. కొనేటప్పుడు ఒక్కసారి వెనక్కి తిప్పి చదివి ఉండాల్సింది. అలాగని ఇప్పుడు ఉన్నపళంగా ఆపేయకండి, ప్రెగాబాలిన్ అయితే మెల్లగా తగ్గించాలి. అట్టతో సహా డాక్టర్‌కి చూపించండి.

ఇంకొకటి. నీరసంగా ఉందని ఎవరో ఒకరు ఎర్ర ఇంజెక్షన్, అంటే బి12, చేస్తామంటారు. పరీక్షకి రక్తం ఇవ్వకముందు చేయించుకోకండి. ఇంజెక్షన్ తర్వాత బి12 చూస్తే అంకె బ్రహ్మాండంగా వస్తుంది, అసలు సంగతి తేలదు. ముందు పరీక్ష. బి12, హిమోగ్లోబిన్‌తో పాటు పూర్తి రక్తపరీక్ష, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), పొటాషియం, థైరాయిడ్. గుణుపూర్‌లో కుదరకపోతే రాయగడలోనో బరంపురంలోనో చేస్తారు. బి12 అంకె అటూ ఇటూ కాకుండా వస్తే హోమోసిస్టీన్ (బి12 తగ్గితే రక్తంలో పెరిగే పదార్థం) చూడాల్సి రావచ్చు. బి12 లోపమో ఇనుము లోపమో ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు, అది చూసి ఎవరైనా షుగర్ మందు పెంచితే మీ వణుకు ఇంకా పెరుగుతుంది. ఈ మాట మీ డాక్టర్‌తో అనండి, తప్పుగా అనుకోరు. పాదాలకి శ్రుతిదండంతో, మోనోఫిలమెంట్ అనే సన్నటి నైలాన్ పోగుతో పరీక్ష చేయమని కూడా అడగండి, రెండు నిమిషాల పని. లోపం తేలితే బిళ్ళా, ఇంజెక్షనా, ఎంత కాలం అన్నది వాళ్ళే చెప్పాలి. చూడకుండా నేను మోతాదు రాయను.

సోయా గురించి. మామూలుగా తినే మోతాదులో మగవాళ్ళ హార్మోన్లని తగ్గించినట్టు పరిశోధనల్లో కనిపించలేదు. నిశ్చింతగా తినండి. పౌడర్ అక్కర్లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు కూడా ప్రొటీన్ పౌడర్ల జోలికి పోవద్దనే చెప్పాయి. కిలో బరువుకి 0.83 గ్రాముల లెక్కన మీకు రోజుకి 56 గ్రాముల చొప్పున కావాలి. అది మీ కొట్లోనే ఉంది. 30 గ్రాముల సోయా ముక్కల్లో సుమారు 15, గుప్పెడు వేరుశనగల్లో 7, యాభై గ్రాముల వేయించిన శనగల్లో 10. మిగతాది పప్పు, చోళ్ళు, అన్నం, రొట్టెల నుంచి వస్తుంది. అయితే దాల్మా తింటున్నాను కదా అనుకోకండి. మనిషి వంతుకి గిన్నెలో ఎంత పప్పు పడుతోంది, ఎంత గుమ్మడి, బొప్పాయికాయ, అరటికాయ పడుతోంది, ఒకసారి వంటింట్లోకి వెళ్ళి చూడండి. ముక్కలు మంచివే, పప్పు రెండింతలు వేయమనండి. వారానికి రెండు సార్లు ఉలవలు. పొద్దున్న అంబలితో పాటు మొలకలో, శనగలో తింటే 11 గంటల దాకా నిలబడతారు. క్రియాటినిన్ ఎక్కువని తేలితే మాత్రం ఈ ప్రొటీన్ లెక్క మారుతుంది.

పాలు మానేశారు కాబట్టి కాల్షియం చూసుకోవాలి. చోళ్ళు వంద గ్రాములకి దాదాపు 350 మిల్లీగ్రాములిస్తాయి, కానీ మీ గ్లాసు అంబలిలో పడేది మహా అయితే 30 గ్రాముల పిండి. నువ్వులు, ఆకుకూరలు పెంచండి. టీ భోజనంతో కాకుండా గంట తర్వాత తాగండి, ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోండి, ఇనుము బాగా ఒంటబడుతుంది. నీచు మానేసిన చాలామంది ఆ లోటు ఊరగాయతో, వేయించిన వడియాలతో తీర్చుకుంటారు. బీపీ మనిషికి అది సరిపడదు. అలాగని సోడియం తక్కువని అమ్మే ఉప్పు కొనుక్కోకండి. అందులో పొటాషియం ఉంటుంది, టెల్మిసార్టాన్‌తో కలిస్తే రక్తంలో పొటాషియం పెరిగే ప్రమాదముంది.

మొక్కల తిండి వల్ల చెడ్డ కొలెస్ట్రాల్, బరువు, బీపీ తగ్గుతాయని చెప్పడానికి మంచి ఆధారాలున్నాయి. మీ నాన్నగారి సంగతి తలుచుకుని మీరీ పని మొదలుపెట్టారు, అది నాకు నచ్చింది. కొనసాగించండి. పాలు, పెరుగు ముట్టనంటే అదీ మీ ఇష్టమే. బి12 ఒక్కటి మాత్రం మానడానికి వీల్లేదు. గుండె కోసం ఈసీజీ, కొలెస్ట్రాల్ పరీక్ష విడిగా చేయించుకోండి, తిండి మారింది కదా అని వాటిని దాటేయకండి.

చివరగా మీ కోడలు. ఆమెకి షుగర్ లేదు, మెట్‌ఫార్మిన్ లేదు, కాబట్టి బానే ఉంటుందనుకోకండి. కడుపులో బిడ్డకి, పుట్టాక తల్లిపాల మీదున్న పసిబిడ్డకి బి12 వచ్చేది తల్లి నుంచే. తల్లిలో తక్కువుంటే బిడ్డ ఎదుగుదల, మెదడు దెబ్బతినవచ్చు. ఆశా కార్యకర్త ఇచ్చే ఎర్ర బిళ్ళలో ఇనుము, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి, బి12 ఉండదు. అవి మానకుండా వేసుకోవాలి, కాల్షియం బిళ్ళ వేరే పూట వేసుకోవాలి. సరిగ్గా చూసుకుంటే కడుపుతో ఉన్నవాళ్ళు కూడా శాకాహారంతో ఉండవచ్చు, కానీ గైనకాలజిస్టుకి తెలియకుండా కాదు. ఈ వారంలోనే ఆమెని చూపించి, పాలు, గుడ్డు మానేసి ఎన్నాళ్ళయిందో చెప్పి, బి12 పరీక్ష అడగండి. ఇంకో మాట, పెద్దవాడిగా కాస్త గట్టిగానే అంటున్నాను. ఈ తిండి ఆ అమ్మాయి కోరుకున్నదా, ఇంట్లో అందరూ మానేశారు కాబట్టి మానేసిందా? మీరు కాకుండా మీ ఆవిడ చేత అడిగించండి. పెరుగు, గుడ్డు తినాలని ఉందంటే ఆమె గిన్నె వేరుగా పెట్టండి.

మీరు వెళ్ళేటప్పుడు వాడుతున్న మందులన్నీ, ఆ నరాల క్యాప్సూల్ అట్టతో సహా, ఒక సంచిలో వేసుకెళ్ళండి. వారం రోజులు పొద్దున్న, 11 గంటలకి, రాత్రి చూసిన షుగర్ అంకెలు ఒక కాగితం మీద రాసుకుంటే ఇంకా మంచిది, కానీ ఆ వారం గడిచేదాకా ఆగకండి. ముందు వెళ్ళండి, కాగితం రెండోసారి చూపించవచ్చు.