ఆటిజం ఉన్న బాబు తల్లికి: తల్లిదండ్రుల బృందమా, కౌన్సెలింగా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: నాలుగేళ్ల బాబుకు ఆటిజం అని కొద్ది నెలల కిందట తేలింది. థెరపీకి మీరే తిప్పుతున్నారు. రాత్రిళ్లు నిద్ర లేదు. ఆ మాట ఎత్తితే మీవారు లేచి వెళ్లిపోతారు, మీ అత్తగారేమో మగపిల్లలకు మాటలు ఆలస్యమేనని కొట్టిపారేస్తారు. తల్లిదండ్రుల బృందంలో చేరమని ఒకరు, కౌన్సెలింగ్‌కు వెళ్లమని ఇంకొకరు అంటున్నారు. దేనివల్లనైనా ఉపయోగం ఉందా?

రెండింటివల్లా ఉంది, కాకపోతే రెండూ వేర్వేరు పనులు చేస్తాయి. మా అబ్బాయికి ఇప్పుడు పదిహేడేళ్లు. ఈ ఏళ్లలో రకరకాల బృందాల్లో కూర్చున్నాను, కొన్నింటిలోంచి మధ్యలోనే లేచి వచ్చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందుగా నిద్ర సంగతి. ఏదో ఒక చెడ్డ రోజు తర్వాత ఏడుపు వచ్చి, మర్నాటికి పనిలో పడిపోతుంటే బృందంతో మొదలుపెట్టవచ్చు. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి తిరిగి రాకపోతే, లేదా బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ముందు డాక్టరు దగ్గరికే వెళ్లండి. అర్ధరాత్రి అయితే 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక సహాయ ఫోన్ సేవ. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లవాడి గురించి కాదు, మీ గురించే మాట్లాడవచ్చు.

ఇక బృందాలు. ఇవి ఎవరో జాలిపడి పెట్టినవి కావు. పిల్లవాడికి ఆటిజం రావడానికి తల్లి ప్రేమ చూపకపోవడమే కారణమని ఒకప్పుడు అమెరికాలో పేరున్న వైద్యులే చెప్పేవారు. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొడుక్కి ఆటిజం ఉండేది. ఆయన ఆ వాదాన్ని తిప్పికొడుతూ 1964లో పుస్తకం రాశారు, మరుసటి ఏడాది ఇతర తల్లిదండ్రులతో కలిసి సంఘం పెట్టారు. మన దేశంలో 1991లో ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజం ప్రారంభించిన మెరీ బరువా కూడా ఆటిజం ఉన్న బాబు తల్లే. తప్పు తల్లిదేనన్న ఆ మాటను వైద్యులు ఎప్పుడో వదిలేసినా, అది మన ఇళ్లలో మాత్రం ఇంకా వేషం మార్చుకుని తిరుగుతోంది. కడుపుతో ఉండి ఉద్యోగం మానలేదట, పిల్లవాడి చేతికి ఫోను ఇచ్చిందట, ఫలానా మొక్కు తీర్చలేదట! బృందంలో పదిమంది తల్లులు తమకూ ఇవే మాటలు తగిలాయని చెప్పుకుంటుంటే, లోపం మీలో లేదన్నది ఎవరూ బోధించకుండానే తెలిసిపోతుంది.

బృందం ఇచ్చే రెండో సంగతి పని తెలివి. మా వాడికి క్షవరం అంటే ప్రాణం పోయినంత పని. కుర్చీలో నలుగురం పట్టుకుంటే తప్ప అయ్యేది కాదు, చెవిలో ఆ మిషను మోతకు వాంతి కూడా చేసుకునేవాడు. ఒక సమావేశంలో ఈ మాట అంటే, పక్కనే కూర్చున్న పెద్దాయన "మిషను కొని ఇంట్లో ఆడుకోవడానికి ఇచ్చేయండి" అన్నారు. ముందు స్విచ్ వేయకుండా చేతికివ్వాలి. తర్వాత గదికి ఆ చివర స్విచ్ వేసి ఆపేయాలి. తర్వాత వాడి చేతి మీద ఆనించాలి, భుజం మీద, మెడ మీద. జుట్టు దాకా రావడానికి ఎన్నాళ్లు పట్టినా తొందరపెట్టకూడదు. అలాగే చేశాం. ఇప్పుడు వాడే అద్దం ముందు కూర్చుంటాడు. ఈ పద్ధతి థెరపిస్టులకు తెలియనిది కాదు. కానీ వాళ్ల గదిలో క్షవరం జరగదు కదా! మిక్సీ, ప్రెషర్ కుక్కరు, పెళ్లిళ్లలో బ్యాండు, బస్సు హారను, వీటి గురించి ఇలాంటి తల్లిదండ్రులకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

బృందం ఎక్కడ దొరుకుతుందంటే, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు నీపిడ్ అంటున్నారు. అక్కడికి పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రుల మధ్య పరిచయాలు వాటంతట అవే కలుస్తాయి. జిల్లాల్లో ఉన్నవారు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి వెళ్లి చూడండి. పిల్లలు లోపల ఉన్నంతసేపు బయట బల్ల మీద కూర్చునే తల్లులే ఒక బృందం, దానికి బోర్డు ఉండదు, అంతే. తల్లిదండ్రుల సంఘాలన్నీ కలిసిన పరివార్ అనే జాతీయ సమాఖ్య కూడా ఉంది, మీ దగ్గర ఏ సంఘం ఉందో వారిని అడగవచ్చు.

జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి. వాట్సాప్ బృందంలో చేరిన వారానికే ఎవరో ఒకరు మందు అమ్మడం మొదలుపెడతారు. పాలు, గోధుమలు మాన్పించండి అనేవారు సరే, లక్షలు పోసి మూలకణ (స్టెమ్ సెల్) చికిత్స చేయించుకోమనేవారూ ఉంటారు. ఆటిజానికి ఆ చికిత్సను సిఫారసు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. పూర్తిగా నయం చేస్తామని ఎవరైనా అంటే ఆ బృందం నుంచి బయటికి వచ్చేయండి. "మా వాడు ఇన్ని మాటలు మాట్లాడుతున్నాడు, మీ వాడు?" అని పోటీ పెట్టేచోటా ఉండకండి, ఇంటికి వచ్చాక ఉన్న నిద్ర కూడా పోతుంది.

కౌన్సెలింగ్ దగ్గర చాలామంది పొరబడేది ఒకటుంది. అది పిల్లవాడి థెరపీకి కొనసాగింపు అనుకుంటారు. కాదు, ఆ గంట మీది. క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలిలో నమోదు సంఖ్య ఉంటుంది. మొహమాటపడకుండా అడగండి, ఉన్నవారు చెబుతారు. మొదట నేను కలిసిన ఒకావిడ "ప్రత్యేకమైన పిల్లల్ని దేవుడు ప్రత్యేకమైన తల్లులకే ఇస్తాడు" అన్నారు. ఆ మాట మా వీధి చివర గుడిలో ఉచితంగా దొరుకుతుంది. రెండోసారి వెళ్లలేదు.

తర్వాత దొరికినావిడ ఓదార్చలేదు. తెల్ల కాగితం ఇచ్చి, నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఎవరు ఏ పని చేశారో గంటగంటకూ రాయమన్నారు. ఒక వైపంతా నా పేరే ఉంది. ఆ కాగితం మా ఆయన ముందు పెట్టమన్నారు, మాట తోడు లేకుండా. నేను నోటితో చెప్పినన్నాళ్లూ అది సణుగుడు. కాగితం మీద అది లెక్క. బాబు స్నానం, సాయంత్రం నడక ఆయన తీసుకున్నారు. తర్వాతి వారాల్లో మేం మాట్లాడింది కూడా ఇలాంటివే. బంధువుల ఇళ్లలో ఎవరికి ఎంతవరకు చెప్పాలి, రెండో బిడ్డ గురించి అడిగేవారికి ఏం చెప్పాలి, కోపం వచ్చినప్పుడు పిల్లవాడి మీద చెయ్యి లేవకుండా ఏ గదిలోకి వెళ్లాలి అని.

మీవారి విషయానికి వస్తే, ఏడ్చే చోటికి రమ్మంటే మగవాళ్లు రారు. పని ఉందంటే వస్తారు. మా ఆయన మొదటిసారి వచ్చింది ఆదాయ పన్ను కోసం. పాత పన్ను విధానంలో ఉన్నవారికి 80డిడి సెక్షన్ కింద 75 వేలు, వైకల్యం 80 శాతం లేదా అంతకు మించి ఉంటే లక్షా 25 వేల రూపాయల మినహాయింపు ఉంటుందని ఒక సమావేశంలో చెబుతున్నారంటే కాగితాలు పట్టుకుని వచ్చారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంటుందని, థెరపీ ఖర్చుకూ కొంత వస్తుందని, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది కాబట్టి వైకల్య ధ్రువపత్రం తీసుకోవచ్చని అక్కడే విన్నారు. ఆ కాగితాల మధ్యలో మరో తండ్రి తన కూతురి గురించి చెబుతుంటే కదలకుండా కూర్చున్నారు. మీవారికి ఆ వైకల్య ధ్రువపత్రం పని అప్పగించి చూడండి.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఒకరోజు థెరపీ కేంద్రానికి తీసుకెళ్లి, అక్కడికి మనవడితో వచ్చే మరో నాన్నమ్మ పక్కన కూర్చోబెట్టండి. కోడలు చెప్పేది చెవికెక్కదు గానీ తోటి ముసలావిడ చెప్పేది ఎక్కుతుంది.

ఇవేవీ ఫలించక ఇద్దరూ రాకపోయినా మీరు ఆగవద్దు. బాబు స్పీచ్ థెరపీలో ఉండే సమయానికే మీ కౌన్సెలింగ్ పెట్టించుకోండి. చాలా కేంద్రాల్లో సైకాలజిస్టు కూడా అదే ఆవరణలో ఉంటారు. ఎక్కడికి వెళుతున్నావని ఇంట్లో ఎవరికీ వేరుగా సంజాయిషీ ఇచ్చుకునే పని ఉండదు.