ఎలక్ట్రో ఆక్యుపంక్చర్‌తో గుండెకు రక్షణ ఉందా? మా అన్నయ్య అనుభవం

"ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ చేయించుకుంటే బ్రౌన్ ఫ్యాట్ (ఒంట్లో వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వు) చురుకై, గుండె దెబ్బతినకుండా కాపాడుతుందట, నిజమేనా?" అని అడిగారు. కాపాడుతుందనే నా నమ్మకం. కానీ ఎప్పుడన్నదే అసలు సంగతి.

మా అన్నయ్య గుండెదడకు ఈ చికిత్స చేయించుకునేవాడు. మణికట్టు లోపలివైపు, గీతకు మూడు వేళ్ల పైన సూది గుచ్చి సన్నగా కరెంటు ఇచ్చేవారు. ఆ చోటును నైగువాన్ అంటారు. ఒక రాత్రి ఛాతీలో బరువుగా ఉందంటూ లేచి, ఆ చోటునే బొటనవేలితో నొక్కుకుంటూ కూర్చున్నాడు. "పొద్దున్నే సూదులు పెట్టించుకుంటా, తగ్గిపోతుందిలే" అన్నాడు. నేనూ నమ్మి, పక్కన కూర్చుని నొక్కాను. రెండు గంటలు! చొక్కా చెమటకు తడిసి, దవడ లాగేస్తోందని అనేసరికి వదిన గట్టిగా అరిచి అంబులెన్సు పిలిపించింది.

స్టెంట్ వేశాక డాక్టరు చెప్పిన మాట నేను మరిచిపోలేను. రక్తం అందక కొంత కండరం చచ్చిపోయింది. మూసుకున్న నాళం తెరిచి రక్తం ఒక్కసారిగా తిరిగొచ్చినప్పుడు కూడా కొంత దెబ్బతింటుందట. ఈ రెండో దెబ్బ గురించి మామూలు జనానికి ఎవరూ ఎందుకు చెప్పరో!

పరిశోధనలు చూస్తున్నది ఆ దెబ్బనే. ఎలుకలకు ముందుగా ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ ఇచ్చి, తర్వాత నాళం మూసి తెరిస్తే గుండెకు నష్టం తగ్గింది. ముందుగా అన్న మాట గమనించండి. ఇక బ్రౌన్ ఫ్యాట్ వేడి పుట్టించి ఊరుకోదు, ఎఫ్‌జీఎఫ్ 21 అనే హార్మోన్ లాంటి పదార్థాలను రక్తంలోకి వదులుతుంది. 2021లో 52,000 మందికి పైగా మనుషుల స్కాన్లు పరిశీలిస్తే, ఈ కొవ్వు కనిపించినవాళ్లలో గుండెజబ్బు తక్కువగా ఉంది. కొవ్వంటేనే విషమన్నట్టు మాట్లాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఈ కొవ్వు చురుకవ్వాలంటే ఐసు నీళ్లలో కూర్చోమని గుండె రోగులకు వీడియోల్లో సలహా ఇచ్చేవాళ్లు ఇంకా ప్రమాదం. చల్లదనానికి బీపీ ఎంత పెరుగుతుందో వాళ్లు ఒక్క ముక్క చెప్పరు.

2019లో చైనాలో స్థిరమైన ఆంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి) ఉన్న 404 మందిపై చేసిన ట్రయల్‌లో, మామూలు మందులు వాడుతూనే ఈ సూదులు పెట్టించుకున్నవాళ్లకు నొప్పి రావడం తగ్గింది. మా అన్నయ్యా ఇప్పుడు అలాగే చేస్తున్నాడు. మాత్రలు మానలేదు, సూదుల సంగతి డాక్టరుకు చెప్పాడు. అంబులెన్సు నంబరు మాత్రం వదిన అతని మంచం పక్క గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది.