వామపక్షాలు చెప్పే మీడియా పక్షపాతం ఏమిటి?

పత్రిక యజమాని ఫోన్ చేసి "ఇది వేయొద్దు" అనడమేనా పక్షపాతం అని ఎవరైనా అడగొచ్చు. ఆ ఫోన్ అవసరమే రాదన్నది వామపక్షాల వాదన. 1988లో ఎడ్వర్డ్ హెర్మన్, నోమ్ చామ్‌స్కీ అనే అమెరికా రచయితలు తమ దేశ మీడియాను పరిశీలించి, వార్తను వడకట్టే ఐదు జల్లెడలు చూపించారు: యాజమాన్యం, ప్రకటనల రాబడి, వార్తకు ఆధారం, నచ్చని వార్త మీద విరుచుకుపడే ఒత్తిడి, కమ్యూనిజం అనే బూచి.

నా లెక్కలో అసలు కీలకం మూడోది, అంటే సమాచారం ఎవరి దగ్గర్నుంచి వస్తుందన్నది. మంత్రి ప్రెస్‌మీట్ పెడితే నోట్, ఫొటో చేతికొస్తాయి. డిపో గేటు దగ్గర కండక్టర్ మాట కావాలంటే సగం రోజు తిరగాలి, డెడ్‌లైన్ ఆగదు. 2019 తెలంగాణ ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. అలాంటి వార్తకు "ప్రయాణికుల ఇక్కట్లు" అని హెడ్డింగ్ పెడితే అబద్ధమేం కాదు. కాకపోతే కార్మికుల డిమాండ్ ఐదో పేరాకు జారిపోతుంది.

మీరే చూడాలంటే ఒకే సమ్మె మీద వారం రోజుల వార్తలు తీయండి. ఎవరి మాటలకు ఎన్ని వాక్యాలిచ్చారో, డిమాండ్ ఏ పేరాలో వచ్చిందో లెక్కపెట్టండి. ఒక్క హెడ్డింగ్‌తో తేల్చేస్తే బోల్తా పడతారు. అది సాధారణంగా రిపోర్టర్ పెట్టేది కాదు, డెస్కులో సబ్ ఎడిటర్ పెట్టేది. ప్రజాశక్తి, విశాలాంధ్రలకూ ఇదే కొలత వాడండి. అవి కమ్యూనిస్టు పార్టీల పత్రికలే, ఆ సంగతి దాచుకోవు కూడా.

ఇక ఆన్‌లైన్‌లో నాలుగో జల్లెడ, అంటే విరుచుకుపడే ఒత్తిడి పని ట్రోలింగ్ చేస్తోంది. అది అన్ని పక్షాలూ చేసేదే.