చిన్న వేళ్లకే మంచి ముడి పడుతుందా?

ప్రశ్న: కొత్త ఇంటికి చేతినేత తివాచీ చూద్దామని వెళ్తే, షాపతను ‘చిన్నపిల్లల వేళ్లమ్మా, అందుకే ముడి ఇంత సన్నగా వచ్చింది’ అన్నాడు గొప్పగా. కొనకుండా వచ్చేశాను. అది నిజమేనా? పిల్లలు నేయలేదని తెలుసుకునేదెలా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: శుద్ధ అబద్ధం అమ్మా. ఉత్తరప్రదేశ్‌లోని భదోహిలో, ఒక ఎగుమతి కంపెనీలో సరుకు నాణ్యత చూసే ఉద్యోగం చేశాను. నా చేతికొచ్చిన ఖరీదైన తివాచీలన్నీ ఏళ్ల తరబడి మగ్గం మీద కూర్చున్న పెద్దవాళ్లు నేసినవే. పడుగు (నిలువు) దారాలకు ఊలు ముడివేసి, కోసి, పేక (అడ్డ దారం) దూర్చి, పంజా అనే ఇనుప దువ్వెనతో దట్టించాలి. దానికి బలం కావాలి, కన్ను కుదరాలి. పిల్లల్ని పెట్టుకునేది వేళ్లు చూసి కాదు, కూలి తక్కువని, ఎదురు మాట్లాడరని. బీహార్ పల్లెల్లో తండ్రి చేతిలో కాస్త అడ్వాన్స్ పెట్టి దళారి పిల్లాణ్ని తీసుకొచ్చేవాడు. ఆ బాకీ ఓ పట్టాన తీరేది కాదు.

1986 చట్టం 14 ఏళ్లలోపు పిల్లల్ని తివాచీ నేతలో పెట్టుకోకూడదంది. కానీ ఇంటివాళ్లే నడుపుకునే మగ్గానికి మినహాయింపు ఇచ్చింది. ఇంకేముంది, తనిఖీకి ఎవరొచ్చినా మగ్గం మీదున్న ప్రతి పిల్లాడూ ‘మా మేనల్లుడే సార్’! 2016 సవరణ నిషేధాన్ని అన్ని పనులకూ విస్తరించింది. బడి అయ్యాక ఇంటి పనిలో సాయం చేయొచ్చన్న సందు మాత్రం ఉంచింది. నాకది నచ్చలేదు.

నాకు నమ్మకం కుదిరింది పిల్లలు నేయలేదని చెప్పే లేబుల్ మీద. 1994లో బాలకార్మికుల విముక్తికి పోరాడే కైలాష్ సత్యార్థి చొరవతో రగ్‌మార్క్ అనే ఆ లేబుల్ మొదలైంది, 2009 నుంచి దాని పేరు గుడ్‌వీవ్. కంపెనీ తన మగ్గాల వివరాలన్నీ ఇవ్వాలి, ఆ సంస్థ మనుషులు చెప్పకుండా వచ్చి చూస్తారు, ప్రతి లేబుల్‌కూ ఒక నంబర్ ఉంటుంది. అసలు చిక్కు ఏమిటంటే, ఎగుమతిదారు కాంట్రాక్టర్‌కి, అతను ఇంకొకరికి పని ఇస్తాడు. చివరి మగ్గం ఏ ఊళ్లో ఉందో మొదటివాడికే తెలియదు. ఆ లేబుల్ తనిఖీ అంటే అందుకే అందరికీ టెన్షన్.

అయితే ఆ సరుకు చాలావరకు విదేశాలకే పోతుంది, మీ షాపులో దొరక్కపోవచ్చు. లేబుల్ లేకపోతే ఏ ఊళ్లో నేశారు, ఎవరి మగ్గం అని అడగండి. నీళ్లు నమిలితే కొనొద్దు. మీకు ఏలూరు దూరం కాదు, తివాచీల నేతకు పాత ఊరు. మగ్గాలు తగ్గిపోయాయి గానీ, వీలైతే నేసేవాళ్ల దగ్గరికే వెళ్లి, మగ్గం చూసి ఆర్డర్ ఇవ్వండి. ఎక్కడైనా పిల్లలు పనిలో కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.