సర్కారు తుమ్మ మీద పరిశోధన మొదలుపెడుతున్న మా అబ్బాయికి

నాన్నా,

నీ ప్రపోజల్ చదివాను. బాగా కష్టపడ్డావని తెలుస్తోంది. అయినా నాకు నచ్చనిది ముందే చెప్పేస్తాను, ఈ విషయంలో పెద్దమ్మ మొహమాటపడదని నీకు తెలుసు. "సర్కారు తుమ్మ వల్ల వన్యప్రాణులకు జరుగుతున్న నష్టం" అని పేరు పెట్టావు. అంటే అడవిలో అడుగు పెట్టకముందే తీర్పు రాసేశావన్నమాట. నష్టం ఉందా, ఏ జంతువుకి, చెట్టు ఎంత దట్టంగా పెరిగాక మొదలవుతోంది అని కనుక్కోవడానికే కదా నువ్వు ఇన్నేళ్లు ఎండలో తిరగబోతున్నది? ముందు ఆ పేరు మార్చు.

నాకు ఆ చెట్టు మీద ప్రేమ ఉండి చెప్పడం లేదు. అది మన దేశానికి వచ్చి మొదట పాతుకున్న చోట్లలో మన కడప జిల్లా కమలాపురం ఒకటి, 1877లో. వంటచెరకు కొరత తీరుతుందని, కరువు నేలలో కూడా బతుకుతుందని మద్రాసు అటవీ అధికారులు అమెరికా ఖండపు విత్తనం తెప్పించి నాటించారు. వాళ్లు అనుకున్నట్టే బతికింది, ఆగమన్నచోట మాత్రం ఆగలేదు. చెరువు కట్టలు, వాగులు, బీళ్లు, మేత పొలాలు అన్నీ ఆక్రమించింది. దాని నీడలో గడ్డి మొలవడం ఎంత తగ్గిపోతుందో చూసినవాళ్లకి కోపం రావడం సహజం. ఆ కోపం నీ డేటా షీటులోకి రాకూడదు, అంతే.

ఎందుకంటావా, గుజరాత్‌లోని వెలావదర్ జాతీయ పార్కు సంగతి చూడు. అక్కడ గడ్డిమైదానంలోకి ఈ చెట్టు చొచ్చుకొస్తుంటే తోడేళ్లు పగటిపూట ఆ పొదల్లోనే తలదాచుకుంటున్నాయని పరిశోధకులు గమనించారు. అదే చోట కృష్ణజింకలు కాయలు తిని, గింజల్ని పెంటికల్లో మోసుకెళ్లి మైదానం నడిబొడ్డున వేస్తున్నాయని తేలింది, అందులోనూ మగ జింకలు జత కోసం హద్దులు కట్టుకుని నిలబడే చోట ఆ గింజలు ఎక్కువగా పోగుపడుతున్నాయి. ఆలోచించు, గడ్డి మీద బతికే జింకే ఆ గడ్డిని మింగే చెట్టుని నాటుతోంది! చెట్టు చెడ్డదని ముందే తేల్చేసుకున్నవాడు పెంటికలు ఏరి అందులో గింజలు లెక్కపెట్టేదాకా వెళ్లడు.

ఇక ప్లాట్ల సంగతి, అదే నువ్వు కొలవడానికి ఎంచుకునే నేల ముక్కలు. "తుమ్మ ఉన్న చోటు, లేని చోటు" అని రెండే గుంపులు పెట్టావు. ఇది చాలదు. ఉందా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదు, ఎంత ఉందన్నదే ప్రశ్న. మన కడప ముళ్లపొదల్లో బతికే అరుదైన పక్షి, కలివికోడినే తీసుకో. కడప జిల్లాలోని లంకమల కొండల దగ్గర చేసిన అధ్యయనంలో, రెండు మీటర్లకు పైగా ఎత్తున్న పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉండి, చిన్న పొదలు 1000 లోపు ఉన్న చోటే ఆ పక్షి కనబడే అవకాశం ఎక్కువని తేలింది. పొదలు కొట్టేసి పలచన చేసినా దానికి పనికిరాదు, కమ్ముకుపోయినా పనికిరాదు. నువ్వు వట్టి "ఉంది, లేదు" అని రాసుకుంటే ఇలాంటి సంగతి నీ కళ్ల ముందే ఉన్నా నీకు దొరకదు. పలచన, ఓ మోస్తరు, దట్టం, పూర్తిగా మూసుకుపోయింది, ఇలా వరసగా ఎంచుకో, ప్రతి ప్లాటులో కాండాలు లెక్కపెట్టు, పైకొమ్మల కప్పు ఎంతుందో కొలువు, మన నల్లతుమ్మ, తెల్లతుమ్మ, రేగు, కలివి ఎన్ని ఉన్నాయో విడిగా రాయి. వాటన్నిటినీ కలిపి "ముళ్లపొదలు" అని రాసేవాళ్లున్నారు, ఆ లెక్క ఎందుకూ పనికిరాదు.

ఇంకోటి, ఒకే తోపులో ఐదు ప్లాట్లు వేసి ఐదు అని చెప్పుకోకు, అది ఒక్కటే. వేరు వేరు వాగులు, వేరు వేరు ఊళ్ల బీళ్లు వెతుక్కో. తిరుగుడు ఎక్కువవుతుంది, తప్పదు.

దట్టమైన కంపలో జంతువులు తక్కువగా కనబడ్డాయని రాసే ముందు బాగా ఆలోచించు. అక్కడ జంతువులే తక్కువా, లేక నీకే ఏమీ కనబడలేదా? బయలు నేలలో నడుస్తూ పోతే రెండొందల మీటర్ల అవతల కుందేలు లేచినా కనిపెడతావు, కంపలో పది మీటర్ల దూరంలో నక్క పడుకున్నా తెలియదు. నడుస్తూ లెక్కపెట్టే పద్ధతి ఒక్కదాన్నే నమ్ముకుంటే నువ్వు కొలిచేది జంతువుల సంఖ్య కాదు, నీ చూపు ఎంతదాకా పోతోందన్నది. కెమెరా ట్రాప్‌లు, అంటే జంతువు ఎదురుగా కదిలితే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు, అన్ని రకాల ప్లాట్లలో ఒకే ఎత్తులో, ఒకే సెట్టింగులో, అన్నే రాత్రులు పెట్టు. డబ్బు సరిపోకపోతే మట్టి పట్టీలు వెయ్యి, కలివికోడి కోసం లంకమలలో వాడిన పద్ధతే అది. మెత్తటి మట్టి సన్నగా పరిచి, సాయంత్రం చదును చేసి, పొద్దున్నే ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు అడుగులు చదవాలి. చవకైన పని, కానీ బద్ధకిస్తే చెడిపోతుంది, ఎందుకంటే గాలి లేచిందంటే అడుగులన్నీ చెరిగిపోతాయి. కంపలో వేసిన పట్టీ అయినా బయట వేసిన పట్టీ అయినా అడుగు పడితే ఒకేలా పడుతుంది, అందుకే నాకు ఆ పద్ధతంటే అంత గౌరవం.

అడుగులు చదవడం నీకు పుస్తకాల్లో దొరకదు. మేకలు కాసేవాళ్లని, అటవీశాఖ వాచర్లని అడుగు. ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ కనబడని కలివికోడి 1986లో మళ్లీ దొరికిందంటే దాన్ని చేత్తో పట్టుకున్నది ఆ చుట్టుపక్కల ఊరి మనిషే. నీతో తిరిగేవాళ్లకి కూలీ ఆ రోజుకి ఆ రోజు ఇచ్చెయ్యి, పేపరులో పేరు వెయ్యాలా వద్దా అని వాళ్లనే అడుగు, వెయ్యమంటే గౌరవంగా వెయ్యి. వాళ్ల దగ్గరికి వెళ్లి "ఈ చెట్టు మంచిదా చెడ్డదా" అని మాత్రం అడగొద్దు. నీకు ఏ జవాబు కావాలో చూసి అదే చెబుతారు. మేకలు ఏ నెలల్లో కాయలు తింటున్నాయి, పొయ్యిలోకి కట్టెలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, బొగ్గు బట్టీ ఎవరిది, గడ్డి కోసం ఇప్పుడు ఎంత దూరం పోవాల్సి వస్తోంది, ఇలా అడుగు. బొగ్గు కాల్చి బతికే కుటుంబానికి, గొర్రెల మంద ఉన్న కుటుంబానికి ఆ చెట్టు ఒకటే కాదు. ఈ ఇద్దరినీ వదిలేసి నువ్వు "తొలగించాలి" అని సిఫార్సు రాస్తే ఊళ్లో ఎవరూ పట్టించుకోరు, వాళ్లని నేను తప్పు పట్టను.

పర్మిట్ గురించి టెన్షన్ పడకు, కానీ ఆలస్యం చెయ్యకు. అభయారణ్యంలో పరిశోధనకి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. అది చేతికి రావడానికి నెలలు పట్టవచ్చు కాబట్టి ఈలోగా అభయారణ్యం బయట ఉన్న బీళ్లలో, పంచాయతీ వాళ్లకి చెప్పి, ఫారాలు పరీక్షించుకో. కాళ్లకి మందపాటి బూట్లు వేసుకో, ఆ ముల్లు మామూలు చెప్పుని చీల్చుకుని పైకి వస్తుంది. రాత్రి పట్టీల దగ్గరికి ఒంటరిగా పోవద్దు, ఆ నేలలో పింజర్లుంటాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది నీ ప్రపోజల్‌లో అసలు లేదు: చెట్లు తీసేసిన తర్వాత ఏమవుతుంది? నరికేస్తే మోడు నుంచి పది కొమ్మలు లేస్తాయి. జేసీబీతో పెకలిస్తే నేల గుల్లబారి, అందులో ఏళ్ల తరబడి పడి ఉన్న గింజలు తొలి వానకే మొలుస్తాయి. ఇది నత్రజనిని నేలలో కలిపే చెట్టు, దాని కింద మట్టి బలిసి ఉంటుంది, అక్కడ గడ్డి వస్తుందో వయ్యారిభామ కలుపు వస్తుందో ముందే చెప్పలేం. తమిళనాడులో ఈ చెట్లు తీసేయాలన్న వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. మన దగ్గర కూడా చెరువుల్లో, కాలువల మీద తీయిస్తూనే ఉంటారు. తీసే ముందు ఏముండేదో, తీశాక రెండు మూడు వానలు గడిచాక ఏం వచ్చిందో కొలిచి పెట్టేవాళ్లు తక్కువ. నువ్వు ఆ పని చెయ్యి. ఎక్కడైనా తీయించబోతున్నారని తెలిస్తే మెషిన్ రాకముందే వెళ్లి కొలువు, పక్కనే తీయని ముక్క ఒకటి ఎంచుకుని అదీ కొలువు, మళ్లీ మళ్లీ అవే ప్లాట్లకి తిరిగి వెళ్లు. థీసిస్‌కి సమయం చాలదని మీ గైడ్ అంటే, రెండు చాప్టర్లు తగ్గించుకుని అయినా ఇది ఉంచమని నా మాటగా చెప్పు.

కొత్త పేరుతో ప్రపోజల్ తిరగరాసి, ప్లాట్ల మ్యాపుతో కలిపి పంపు. ఈసారి ఎక్కడెక్కడ ఎంత దట్టంగా ఉందో మ్యాపు మీదే రంగులతో గుర్తు పెట్టు, నాకు కళ్లు సరిగ్గా ఆనడం లేదు కాబట్టి అక్షరాలు కాస్త పెద్దవి వెయ్యి.

మీ పెద్దమ్మ