కాళ్ళు నిద్రపోతే డకోటా ఊరుకోదు

ప్రశ్న: కెప్టెన్ గారూ, పోయిన సంచికలో ఎయిర్‌బస్ గురించి చెప్తూ చెప్తూ "ఒకసారి పాత డకోటా కూడా నడిపాన్లెండి" అని ఒక్క ముక్క పడేసి వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళు కంప్యూటర్ విమానాలు నడిపినాయనకి అది ఎలా అనిపించింది? ఏం కష్టం అందులో?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: ఆ ముక్క తీసేద్దామన్నారండి మా ఎడిటర్ గారు, నేనే ఉంచమన్నాను, ఎవరో ఒకరు అడక్కపోతారా అని. అడిగారు. సంతోషం.

డకోటా అంటే డగ్లస్ కంపెనీ వాళ్ళ డీసీ-3, మొదటిసారి ఎగిరింది 1935 డిసెంబరు 17న, రైట్ సోదరులు ఎగిరిన రోజుకి సరిగ్గా 32 ఏళ్ళకి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం దాన్నే సీ-47 అంది, బ్రిటిష్ వాళ్ళు డకోటా అన్నారు, మనకీ అదే పేరు నిలబడిపోయింది. రెండు ఇంజన్లు, ఒక్కోదానికి గుండ్రంగా రెండు వరసల్లో 14 సిలిండర్లు, ఒక్కోటి 1,200 హార్స్‌పవర్. ఇరవై ఒకటి నుంచి ఇరవై ఎనిమిది మందిని ఎక్కించుకునేది. కొలతలకి ఇక్కడితో దండం పెడదాం, అసలు సంగతి వేరే ఉంది.

2016లో సెలవు పెట్టి అమెరికా దక్షిణాన ఒక చిన్న ఊళ్ళో డకోటా నేర్పిస్తారంటే వెళ్ళాను. నేర్పించే ఆయనకి డెబ్బై దాటాయి. పొద్దున్నే నాకు చెప్పిన మొదటి పని ఏంటనుకున్నారు? ఇంజన్ ముందుండే ఫ్యాన్ రెక్క పట్టుకుని తిప్పమన్నాడు. చేత్తో! యూనిఫాం లేదు సరే, కాస్త మంచి చొక్కా వేసుకెళ్ళాను, పావుగంటలో మోచేతి దాకా ఆయిల్. ఎందుకంటే రాత్రంతా ఊరికే నిలబడితే ఇంజన్లో ఆయిల్ జారి కింది సిలిండర్లలోకి చేరిపోద్దండి, అలా ఉండగా స్టార్టర్ నొక్కితే పిస్టన్ ఆ ఆయిల్ని నలపలేదు, ఆయిల్ తగ్గదు, మధ్యలో రాడ్డు వంగిపోద్ది. అందుకని ముందు చేత్తో తిప్పి చూస్తారు, ఎక్కడైనా బిగిసిందా ఆపెయ్యాలి, బలవంతం చెయ్యకూడదు.

నాకు ఒక్కసారిగా ముమ్మిడివరం దగ్గర మా మెరక చేను గుర్తొచ్చింది. కాలవ నీళ్ళు ఎక్కవని మా నాన్న ఆయిల్ ఇంజన్ పెట్టేవాడు, హ్యాండిల్ వేసి తిప్పి తిప్పి, అది రెండుసార్లు దగ్గి, నల్ల పొగ ఊది, మూడోసారికి దుడదుడమని అందుకునేది. డకోటా కూడా అంతేనండి, నేర్పించే ఆయన స్టార్టర్ నొక్కి కిటికీలోంచి రెక్కలు లెక్కపెట్టమంటాడు, పన్నెండు రెక్కలు దాటాక మాగ్నెటో, అంటే నిప్పురవ్వ పుట్టించేది, ఆన్, ప్రైమర్‌తో పెట్రోలు కొంచెం కొంచెం ఇస్తూ ఉండాలి, ఒక సిలిండర్ అందుకుంటుంది, ఇంకోటి అందుకుంటుంది, తెల్ల పొగ, ఆ తర్వాత పద్నాలుగూ కలిసి ఒక తాళంలో పడతాయి. ఎయిర్‌బస్‌లో స్విచ్ తిప్పి స్క్రీన్ మీద అంకెలు చూస్తూ కూర్చోవడం అలవాటైన వాణ్ణి, ఇక్కడ చెవి, ముక్కు, పిర్రలు అన్నీ డ్యూటీలో ఉన్నాయి. (ఎడిటర్ గారూ ఆ మాట తియ్యొద్దు, పైలట్లు అనే మాటే అది.)

కష్టం ఏంటని కదా అడిగారు. కాళ్ళు. విమానం ముక్కు కుడికీ ఎడమకీ తిప్పే తోక చుక్కాని పెడళ్ళు కాళ్ళ కిందే ఉంటాయి. ఎయిర్‌బస్‌లో గాల్లోకి లేచాక కాళ్ళకి దాదాపు పనుండదు, మలుపు తిరిగేటప్పుడు తోక సంగతి కంప్యూటర్ చూసుకుంటుంది, అలా ఇరవై ఏళ్ళు నా కాళ్ళు నిద్రపోయాయి. డకోటాకి ముక్కు కింద చక్రం లేదు, తోక కింద ఉంది. మీరు ఎప్పుడైనా రిక్షాని వెనక్కి తోశారా? ముందుకి తొక్కితే బుద్ధిగా వెళ్తుంది, వెనక్కి తొయ్యండి చూద్దాం, కాస్త వంకర పడిందా ముందు చక్రం గిర్రున తిరిగి బండి మొత్తం అడ్డం పడుద్ది. డకోటా బరువు కూడా పెద్ద చక్రాలకి వెనకాల ఉంటుంది, అందుకే నేల మీద కొంచెం వంకర పోతే తోక ముక్కుని దాటేసి వస్తానంటుంది. వంకర కనపడ్డాక సర్దడం కాదు, రాబోతున్నప్పుడే కాలితో చిన్న చిన్న దెబ్బలు వెయ్యాలి, కుడి ఎడమ కుడి ఎడమ, కుట్టుమిషను తొక్కినట్టు. దానికితోడు రెండు ఫ్యాన్లూ ఒకే వైపు తిరుగుతాయి కాబట్టి పవర్ పెట్టగానే ముక్కు ఎడమకి లాగుద్ది.

పక్కగాలిలో దిగడం ఇంకో కథ. కోటిపల్లి రేవులో పంటు ఎక్కినవాళ్ళకి ఇది తేలిగ్గా తెలుస్తుంది, గోదారి జోరు మీదున్నప్పుడు ముక్తేశ్వరం రేవుకి తిన్నగా పెడితే దిగువకి కొట్టుకుపోతుంది, అందుకని ముక్కు ఎగువకి పెట్టి ఏటవాలుగా లాక్కెళ్తారు. విమానమూ అంతే, ముక్కు గాలికేసి పెట్టుకుని రన్‌వే మీదకి వస్తాం. కాకపోతే పంటు రేవుకి ఎలా ఆనినా పర్లేదు, డకోటా చక్రం నేలకి తగిలే క్షణానికి మాత్రం ముక్కు రన్‌వే గీతతో తిన్నగా ఉండాలి, లేదంటే పైన చెప్పిన రిక్షా. నా మొదటి ల్యాండింగ్ గురించి అడక్కండి, లాగ్ పుస్తకంలో ఒకటనే రాశారు గానీ మూడుసార్లు దిగానండి, ఒకే ల్యాండింగ్‌లో. ముసలాయన ఏమీ అనలేదు, ఆగాక కూడా నా కాళ్ళ వంకే చూస్తున్నాడు. ఇంజన్లు ఆపేదాకా ల్యాండింగ్ అయిపోలేదట.

రెండో రోజు వాన. అద్దాల అంచుల్లోంచి నీళ్ళు మోకాళ్ళ మీదకి కారుతున్నాయి. మన పాత పెంకుటింట్లో వాన పడితే ఎక్కడ గిన్నె పెట్టాలో ఇంట్లోవాళ్ళకి తెలిసినట్టు, ఆయనకి ఏ మూల కారుద్దో తెలుసు, సీటు వెనక నుంచి ప్లాస్టిక్ పట్టా తీసి ఒళ్ళో పరుచుకుని నాకొకటి ఇచ్చాడు.

ప్రశ్న: డకోటాలకి మన తెలుగువాళ్ళతో ఏమైనా సంబంధం ఉందా? ఇప్పుడు చూడాలంటే ఎక్కడ?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: బోలెడంత అండి. హైదరాబాదులో 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపింది డకోటాలే, బేగంపేట నుంచి. 1953లో జాతీయం చేసినప్పుడు మిగతా కంపెనీలతో పాటు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. యుద్ధం అయిపోయాక అమెరికా వాళ్ళు వదిలేసిన డకోటాలు చవగ్గా దొరికాయి, అందుకే అప్పట్లో అన్ని విమాన కంపెనీలు లేచాయి. నాకు బాగా ఇష్టమైంది 1949లో మొదలైన రాత్రి టపా సర్వీసు, ఢిల్లీ బొంబాయి కలకత్తా మద్రాసుల నుంచి నాలుగు విమానాలు బయల్దేరి నడిరాత్రి నాగపూర్‌లో కలుసుకుని, ఉత్తరాల సంచులు మార్చుకుని తెల్లారేసరికి ఎవరి ఊరికి వాళ్ళు. మీ అమ్మమ్మ గారికి మద్రాసు మీదుగా వచ్చిన ఢిల్లీ ఉత్తరం ఏదైనా పెట్టెలో ఉంటే అది నాగపూర్‌లో విమానం మారి ఉండొచ్చు.

చూడాలంటే భువనేశ్వర్ విమానాశ్రయం దగ్గర, ఒకప్పటి ఒరిస్సా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ గారి డకోటా 2023లో నిలబెట్టారు, మనకి రైల్లో దగ్గరే. 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌కి మన సైనికుల్ని దింపింది డకోటాలే కదా, ఆ గుర్తుగా 'పరశురామ' అనే ఒకటి 2018లో వాయుసేనలో చేరింది, అది ఎగురుతుంది కూడా.

ప్రశ్న: అంత పాత విమానంలో ఒక ఇంజన్ ఆగిపోతే?
– డిగ్రీ విద్యార్థి, అమలాపురం

జవాబు: రెండోదానితో వస్తారు, కాకపోతే ఆగిన ఫ్యాన్ రెక్కల్ని గాలికి అంచు పెట్టి తిప్పెయ్యాలి. నీళ్ళలో తెడ్డు పలకని అడ్డంగా పెడితే పడవ ఆగిపోద్ది, అంచు తిప్పితే జారిపోద్ది చూడండి, అదే. దీనికో బటన్ ఉంటుంది, ఇంజన్‌కొకటి. అసలు ప్రమాదం కంగారులో బాగున్న ఇంజన్‌ది నొక్కెయ్యడం.

నాలుగో రోజు ముసలాయన చెప్పాపెట్టకుండా ఒక ఇంజన్ పవర్ లాగేశాడు. నేను అలవాటు కొద్దీ ఎక్కడైనా ఎర్ర అక్షరాలు వస్తాయేమో అని ఎదురుగా వెతుకుతున్నాను, ఏమీ రావు కదా అందులో. విమానం తిన్నగా పోవడానికి నాకు తెలియకుండానే కుడి కాలు బలంగా తొక్కి పెట్టాను. "ఏ కాలు ఖాళీగా ఉంది?" అన్నాడు. ఎడమది అన్నాను.

"మరి పోయింది ఏ ఇంజన్?"