పాత రాతింటికి కొత్త గది కలిపేటప్పుడు

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ప్లాను చూశాను. వెనకవైపు గది, బాత్రూము వేస్తే మీ నాయనకు రాత్రిపూట పెరట్లోకి పోయే బాధ తప్పుతుంది, మంచి పని. గది ఎలా కట్టాలో మీ మేస్త్రీకి నేను చెప్పక్కర్లేదు. పాతగోడా కొత్తగోడా కలిసే చోటు గురించే ఈ ఉత్తరం. "మన సీమలో వానలే లేవు, నిమ్మెక్కడిది పెదనాన్నా" అన్నావు ఫోన్‌లో. వాన ఒక్కటే కాదురా, నేలలోని తడి కూడా గోడెక్కుతుంది.

మన పాతగోడ అంటే అటూ ఇటూ రెండు వరసల రాయి, మధ్యలో చిల్లరాళ్ళు, మట్టి. దాని కింద తడిని ఆపే పొర ఏదీ లేదు. కిందినుంచి ఎక్కిన తడి సున్నపు పూతలోంచి గాలికి ఆరిపోతుంది. ఇన్నేళ్ళూ ఆ గోడ నిలిచింది అలాగే. దానిమీద సిమెంటు పూశావో, తడి ఆరే దారి లేక ఇంకా పైకెక్కి, సిమెంటు అయిపోయిన చోట ఉప్పై తేలుతుంది, పెచ్చులు ఊడతాయి. కొత్త గది లోపలికి వచ్చే ఆ గోడకు సున్నం పూతే ఉంచు. పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు వద్దు. గదంతా ఒకే రంగుగా ఉండాలని కోడలు అంటే, మిగతా మూడు గోడలనే సున్నం రంగుకు కలపమను.

పని మొదలుపెట్టేముందు ఒకటి చెయ్యి. వంటింట్లో వాడే అల్యూమినియం కాగితం జానెడు ముక్క ఆ గోడకు పెట్టి, నాలుగు అంచులూ టేపుతో గాలి దూరకుండా అంటించు. రెండు మూడు రోజులాగి చూడు. గోడవైపు చెమ్మ పడితే తడి గోడలోదే. గదివైపు పడితే గాలిలోది, దానికి కిటికీ చాలు.

ఇక కలిపే చోటు. పాత రాళ్ళు పీకి వాటి సందుల్లో కొత్త ఇటుకలు దూర్చి "కట్టు కలుపుతాను" అంటాడు మేస్త్రీ. ఒప్పుకోవద్దు. పాత పునాది ఎప్పుడో దిగి కుదురుకుంది, కొత్తది ఇప్పుడు దిగుతుంది. పైగా మీది నల్లరేగడి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. రెండు గోడలూ కలిపి కడితే ఏడాది తిరక్కుండా నిలువునా పగులొస్తుంది, అందులోంచే వాన లోపలికొస్తుంది. అందుకని కొత్త గోడ తన పునాది మీద తాను నిలబడాలి, స్లాబు తన పిల్లర్ల మీదే ఉండాలి. రెంటి మధ్య అంగుళం సందు వదలండి. పునాది తవ్వేటప్పుడు పాత పునాది అడుగు కంటే లోతుకు పోనీయొద్దు, అది మాత్రం ప్రాణాల మీదికొచ్చే పని.

కొత్తగోడకు ప్లింత్ మీద, అంటే నేలపైకి తేలిన పునాది మీద, తడిని ఆపే పొర వేస్తారు, దాన్నే డీపీసీ అంటారు. 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు ఒకటిన్నర అంగుళం, వాటర్‌ప్రూఫ్ పౌడరు కలిపి. అది కిందినుంచి వచ్చే తడినే ఆపుతుంది. పాతగోడలోంచి పక్కకు పాకే తడికి అడ్డం లేదు. కాబట్టి కొత్తగోడ చివర, పాతగోడ వైపు ముఖానికి, డీపీసీ దగ్గర్నుంచి స్లాబు దాకా తారు ఫెల్టు (తారు పట్టించిన మందపాటి షీటు) నిలువుగా అంటించాలి. దాని కింది అంచు డీపీసీ మీదికి మడిచి అతికించాలి, అక్కడ వేలెడు ఖాళీ ఉన్నా చేసిన పనంతా దండగ. సందులో థర్మోకోల్ పెట్టి, బయటివైపు పైపైన సీలెంటు నింపి, అల్యూమినియం పట్టీ కప్పండి. పట్టీకి స్క్రూలు ఒకవైపే, కొత్తగోడకే. రెండువైపులా బిగిస్తే గోడ కదిలినప్పుడు పట్టీ చిరుగుతుంది.

వాస్తు అని నైరుతి గది ఎత్తు చేయమంటారు. పాతింటి గచ్చు కంటే ఎత్తుగా మట్టి నింపితే, ఆ మట్టి పాతగోడను ఆనుకుని తడిని పట్టి ఉంచుతుంది. వీలైతే రెండు గచ్చులూ ఒకే మట్టంలో ఉంచు. పాతగోడ పక్కన జానెడు వెడల్పున మట్టికి బదులు కంకర పోయించు. బాత్రూము ఆ గోడకు ఆనించొద్దు, గది అవతలి కొసకు తీసుకుపో.

పైన స్లాబుకు వాటం పది అడుగులకు ఒకటిన్నర అంగుళం, పాతగోడ వైపు నుంచి బయటికి. మిద్దె తూము నీళ్ళు కొత్త స్లాబు మీద పడకుండా గొట్టం మళ్ళించు. స్లాబు మీది వాటర్‌ప్రూఫింగ్ పాతగోడ వెంట ఆరంగుళాలు పైకి లేవాలి, దానిమీదికి రేకు వంగాలి. రేకు పై అంచు రాళ్ళ మధ్య సందు గీకి రెండంగుళాలు లోపలికి దూర్చి, సున్నంతో కూరాలి. రాయినే కోయబోతారు, కోయనీయకు. సందు ఉండగా రాయితో పనేముంది?

అయ్యాక స్లాబు మీద గట్టు కట్టి రెండు రోజులు నీళ్ళు నిలబెట్టు. తర్వాత గొట్టంతో ఆ నిలువు సందు మీద అరగంట నీళ్ళు కొట్టించి, లోపల నిలబడి చెయ్యి పెట్టి చూడు. మేస్త్రీకి చివరి డబ్బులు ఆ తర్వాతే.

పెదనాన్న